కార్డుదారుడి చెయ్యి

పల్నాడు వెళ్ళొచ్చానని చెబితే మా తెనాలిలో రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎండ ఎట్లా ఉంది, మంచినీళ్ళు దొరికాయా అని. మూడో ప్రశ్న అడిగిన పుణ్యాత్ముడు నాకింతవరకూ తగల్లేదు. కాలవ గట్టున పుట్టి, కాలవ నీళ్ళు తాగి, కాలవ కింద పండిన అన్నం తిని బతికేవాళ్ళం. కాలవ లేని చోట మనుషులు ఉంటారంటే మాకు ఓ పట్టాన నమ్మకం కలగదు. నాలుగు రోజుల్లో వచ్చేస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళినవాణ్ణి తొమ్మిది రోజులుండి వచ్చాను. ఎవరూ అడగకపోయినా చెబుతాను.

ముందు నా సంగతి. పోస్టాఫీసులో ముప్ఫయి రెండేళ్ళు పనిచేసి హెడ్డు గుమాస్తాగా రిటైరయ్యాను. ఉద్యోగం వదిలింది గానీ ఫారాల మీద ప్రేమ వదల్లేదు. మా వీధిలో ఒక సేవాసంఘం ఉంది. బట్టల కొట్టు షావుకారు దానికి అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఆయన దండలు వేయించుకుంటాడు, నేను కాగితాలు రాస్తాను. సంఘానికి ధర్మవైద్యం చేసే డాక్టరు సుభద్రగారు ఓ రోజు ఒక మంచి మాట చెప్పారు. రక్తపోటు ఉన్న బీదవాళ్ళు వారం వారం పట్నం రాలేరు. వస్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, ఆ దిగులుతో పోటు మరికాస్త పెరుగుతుంది. మిషనే వాళ్ళ ఇంటికి పంపితే పోలా అన్నారు.

పోలా అంటే పోయింది. గడియారంలా ముల్లు తిరిగే బీపీ మిషన్లు పదకొండు కొన్నాం. పల్నాడులో శిబిరం పెట్టి, పోటు బాగా ఎక్కువున్న పదకొండు ఇళ్ళకు తలా ఒకటి ఇచ్చాం. బిళ్ళలు మొదలైన వారానికి ఇంటివాళ్ళను మళ్ళీ పిలిపించి, చదువొచ్చిన వాళ్ళెవరో ఒకరికి పట్టీ కట్టటం, బుడ్డి నొక్కటం, స్టెతస్కోపులో చప్పుడు వినటం నేర్పాం. శుక్రవారం శుక్రవారం చూసి, అంకె పోస్టుకార్డు మీద రాసి పంపాలి. అది చూసి డాక్టరుగారు బిళ్ళలు పెంచుతారు, తగ్గిస్తారు. బిళ్ళలు పార్సిల్లో వెళతాయి.

ఇందులో నా ప్రతిభ నిబంధనల కాగితంలో ఉంది. ఏడు నిబంధనలు రాశాను. మండలాలు వచ్చిన కొత్తలు, రెండు రూపాయల బియ్యం రోజులు. ఎవరి పేరు నిజమో ఎవరిది దొంగదో తెలియని కాలమని, రేషన్ కార్డు చూసి అందులో ఉన్న పేరే మిషను కార్డు మీద ఎక్కించాను. మూడో నిబంధన నాకు చాలా ఇష్టమైనది. "కార్డుదారుని చేతికి తప్ప అన్యుల చేతికి పట్టీ కట్టరాదు. అతిక్రమించినచో మిషను వాపసు తీసుకొనబడును." రాసి, పైకి చదివి, మళ్ళీ చదువుకున్నాను.

మూడు నెలలు తిరిగేసరికి సాంబయ్య అనే పేరు మా సంఘంలో మారుమోగింది. మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో కూలి. శిబిరంలో రెండు వందలు బై నూట ఇరవై. ఆ తర్వాత వారం వారం వచ్చే కార్డు మీద నూట పద్దెనిమిది బై డెబ్బయి ఆరు. రోజుకు రెండు బిళ్ళలు ఒకటైంది, ఒకటి అరైంది, అంకె మాత్రం చెక్కుచెదరలేదు. మా అధ్యక్షుడు మురిసిపోయి, వార్షికోత్సవంలో సాంబయ్యకు "ఆదర్శ రోగి" బిరుదిచ్చి శాలువా కప్పుతానన్నాడు. సన్మానం చేయించుకోవటానికి ఆయనకు జన్మంతా పట్టింది, ఈ సాంబయ్య ఊరికే ఆరోగ్యంగా ఉండి మూడు నెలల్లో సంపాదించాడు.

డాక్టరుగారు మాత్రం మురవలేదు. బిళ్ళ పూర్తిగా ఆపమని ఉత్తరం రాసి, కవరు అంటించకుండా నా చేతికిచ్చారు.

"మాస్టారూ, ఇది నాకు నచ్చటం లేదు. రెండొందలున్న మనిషి అరబిళ్ళతో ఇంత కుదురుగా కూర్చోడు. అంకె నిజమైతే సంతోషం. తప్పయి మనం బిళ్ళ ఆపామంటే ఆ మనిషికి పక్షవాతం వస్తుంది, ప్రాణమే పోవచ్చు. మీరు వెళ్ళి దగ్గరుండి చూడండి. చూశాకే ఈ ఉత్తరం ఇవ్వండి."

నా ఒళ్ళు మండింది. పోస్టుకార్డును అనుమానించటమంటే నన్ను అనుమానించినట్టే. సరే, మీ కళ్ళ ముందు పెడతానని సంచీ సర్దుకున్నాను.

పేటలో మంచి గడియ

నరసరావుపేటను అక్కడెవరూ అంత పొడుగ్గా పిలవరు. పేట అంటారు. మీటరుగేజి రైలు గుంటూరు నుంచి అక్కడికి చేరేలోపు పక్కసీటాయన నాకు వేరుశెనక్కాయలు పెట్టి, నా ఆస్తిపాస్తులన్నీ అడిగి తెలుసుకుని, తన తమ్ముడి కోర్టు వ్యాజ్యం మొదటినుంచి చివరిదాకా చెప్పి దిగిపోయాడు. మావైపు రైల్లో మనుషులు ముందు వాతావరణం మాట్లాడుకుంటారు. ఇక్కడ నేరుగా దావాలోకి దిగుతారు.

మెస్సులో భోజనం నాలుగు రూపాయలు. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, పప్పు, దాని మీద ఎర్రకారం. వడ్డించే ఆయన కారం గరిటె ఎత్తి "ఏస్తన్నా" అన్నాడు. వద్దనేలోపు వేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే "కొత్తా?" అని అడిగి, జాలిపడి నెయ్యి పోశాడు. మా తెనాలిలో అదే డబ్బుకు కూరలు రెండు ఎక్కువ వేస్తారు గానీ జాలి ఎవరూ వడ్డించరు.

పేటలోనే నాకు రూతమ్మగారు తోడు కలిశారు. ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రుల్లో నర్సుగా చేసిన మనిషి. తెల్ల చీర, నల్ల గొడుగు, గొంతు మాత్రం స్టేషన్ మాస్టరుది. మిషను చూడటంలో నా పనితనం మీద డాక్టరుగారికి నమ్మకం లేక ఆవిణ్ణి పురమాయించారు.

"మీ నిబంధనల కాగితం చదివాను మాస్టారూ," అన్నారావిడ. "కోర్టు నోటీసనుకుని ముందు భయపడ్డాను."

మొదటి ఇల్లు కోటయ్యది. అరవయ్యేళ్ళ వాడు, తోపుడుబండి మీద ఉప్పూ చింతపండూ అమ్ముతాడు. ఉప్పు అమ్మేవాడికి ఉప్పు మానమని చెప్పిన ఘనత మాది. అతని నోటు పుస్తకం చూస్తే సగం శుక్రవారాలు ఖాళీ.

"ఈ వారం ఎందుకు చూడలేదు?"

"పొద్దున వర్జ్యం ఉంది సార్. వర్జ్యంలో చూస్తే ఎక్కువొస్తది. అయినాక రాహుకాలం. ఆ తరవాత బండి తోసుకపోవాల."

"చూసిన రోజున ఎన్నిసార్లు చూస్తావు?"

"మంచి అంకె వచ్చేదాకా," అన్నాడు నిమ్మళంగా. "మొన్న ఆరుసార్లకి వచ్చింది."

రూతమ్మగారు చూస్తే పుస్తకంలో ఉన్నదానికి ఇరవై ఎక్కువ తేలింది. ఉన్నది ఉన్నట్టు రాయొద్దా అని నేను కేకలేశాను. కోటయ్య నొచ్చుకున్నాడు. "చెడ్డ అంకె కార్డు మీద రాస్తే పోస్టుమేను చదివి బజారంతా చెబుతాడు సార్. నా సరుకు ఎవురు కొంటారు?"

పోస్టుమాన్లు కార్డులు చదవరయ్యా, అది మా శాఖ ధర్మం అన్నాను. "మీరొస్తన్నారని కార్డు తెచ్చినోడే చదివి చెప్పాడు సార్. ఇంటికాడే ఉండు కోటయ్యా, తెనాలాయన వస్తన్నాడని," అన్నాడు. రూతమ్మగారు గొడుగు వెనక మొహం దాచుకున్నారు.

గురజాలలో అంకెల తగాదా

రెండో ఇల్లు గురజాలలో తాపీమేస్త్రీ బ్రహ్మయ్యది. మేం వెళ్ళేసరికి ఇంట్లో జనం. ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకున్నాను. తీరా చూస్తే అది పెద్దమనుషుల పంచాయతీ.

బ్రహ్మయ్యకూ అతని తమ్ముడికీ చేని గట్టు దగ్గర తగాదా. పూర్వం ఈ సీమలో ఇట్లాంటివి కర్రలతో తేలేవట. ఇప్పుడు మా సంఘం దయవల్ల మిషనుతో తేలుతున్నాయి. తమ్ముడు గట్టు తొక్కిన రోజున బ్రహ్మయ్య పోటు చూసుకుని, "ఇదిగో, వీడి మూలంగా నాకు నూట ఎనభై అయింది" అని పెద్దమనుషుల ముందు పుస్తకం పెట్టాడు. తమ్ముడు ఊరుకుంటాడా? నాదీ చూడమన్నాడు. చూస్తే వాడిది రెండు వందల పది.

"ఎవురికి ఎక్కువుంటే ఆళ్ళకే ఎక్కువ అన్యాయం జరిగినట్టు గదండీ," అన్నాడు పెద్దమనిషి ఒకాయన, మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి. "చిన్నోడికే గట్టు ఇప్పిద్దామనుకుంటన్నాం. మీరేమంటారు?"

నేనేమంటాను! మూడో నిబంధన నా కళ్ళ ముందే మంటగలిసింది. అన్యుల చేతికి కట్టినందుకు మిషను వాపసు తీసుకుంటానని లేచి నిలబడ్డాను. బ్రహ్మయ్య భార్య పరుగెత్తుకొచ్చి మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. పట్టుకుని ఎవరిమీదా కేకలెయ్యలేనంత చల్లగా ఉంది.

రూతమ్మగారు నన్ను పక్కకు పిలిచారు. "ఆ తమ్ముడికి రెండొందల పది ఉందని ఇన్నాళ్ళూ ఎవరికన్నా తెలుసా? మీ నిబంధన తప్పబట్టి తెలిసింది. కూర్చోండి మాస్టారూ." తమ్ముణ్ణి పిలిచి బిళ్ళలిచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పారు. వాడు బిళ్ళలు పుచ్చుకుని, పోటు తగ్గితే గట్టు పోతుందా అని అడిగాడు.

రెంటచింతల ఎండ

మాచర్ల బస్సు రెంటచింతలలో ఆగింది. ఆ ఊరి ఎండ గురించి రేడియోలో వింటాం. విన్నదానికీ తగిలినదానికీ పోలిక లేదు. మా ఎండలో ఒళ్ళంతా చెమటతో తడుస్తుంది. అక్కడ చెమట పుట్టేలోపే ఆరిపోతుంది. బస్సు కిటికీ ఊచ పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాను.

పక్కన మిరపకాయల మూటతో ఓ పెద్దావిడ కూర్చుంది. నా చెయ్యి చూసి, తన చెంబులో మజ్జిగ నా చేతిమీద పోసి, మిగిలింది తాగమంది. తాగితే సముద్రం. అవకాశం వచ్చిందని ఉప్పు వల్ల కలిగే అనర్థాల మీద నాకు వచ్చిన ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "మీరు ఏ పని చేస్తారు నాయనా?" అంది. కుర్చీలో కూర్చుని చేసే పని అన్నాను.

"అదీ సంగతి. మావోళ్ళు ఈ ఎండలో రాళ్ళు కొడతారు. ఉప్పు లేని కూడు తింటే మధ్యాన్నానికి కళ్ళు తిరిగి పడతారు. మీ కుర్చీకి ఆ బాధ లేదులే."

బస్సులో అందరూ నవ్వారు. నవ్వని వాడు డ్రైవరొక్కడే, వాడికి వినపడలేదు.

మాచర్ల దాటాక

సాంబయ్య ఉండే పల్లె గని అంచున ఉంది. అక్కడ గోడలు నాపరాళ్ళే, కప్పు నాపరాళ్ళే, దొడ్డి చుట్టూ నిలబెట్టిన దడి నాపరాళ్ళే. మేమొచ్చామని కబురు వెళ్ళగానే సాంబయ్య గనిలోంచి వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ళదాకా తెల్లటి రాతిదుమ్ము. చెయ్యి రోకలిబండలా ఉంది. కాళ్ళు కడుక్కుని, మేమడక్కుండానే పీట వేసుకుని కూర్చుని, ఎడం చేతి చొక్కా పైకి మడిచి, అరచెయ్యి పైకి పెట్టి చాపాడు. నేను నేర్పినట్టే! నాకు కన్నబిడ్డ పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది.

రూతమ్మగారు పట్టీ కట్టి, రెండుసార్లు చూశారు. నూట పదహారు బై డెబ్బయి ఆరు.

"చూశారా!" అన్నాను. ఆ మాట తెనాలిలో డాక్టరుగారికి వినపడాలన్నంత గట్టిగా అన్నాను. తర్వాత సాంబయ్యకు సన్మానం సంగతి చెప్పాను. శాలువా అంటే అతనికి పెద్దగా ఎక్కలేదు.

"అది సరేగానీ సార్, ఈ చప్పిడి కూడు ఇంకెన్నాళ్ళు తినాల? కార్డుదారు ఉప్పు ముట్టకూడదని కాగితంలో రాశారంట. మూడు నెలల్నించీ ఊరగాయ మొహం చూడలా. మొన్న రాయి ఎత్తతా కళ్ళు బైర్లు కమ్మినయ్."

"అందుకే నువ్వు ఆదర్శ రోగివయ్యా," అన్నాను. సంచీలోంచి డాక్టరుగారి ఉత్తరం తీశాను. బిళ్ళలు పూర్తిగా ఆపెయ్యవచ్చునని అందులో ఉందని చెప్పి అతని చేతిలో పెట్టాను. సాంబయ్యకు చదువు రాదు. ఉత్తరాన్ని గుమ్మంలో నిలబడ్డ భార్యకు అందించాడు.

ఆవిడ పేరు నాగేంద్రమ్మ. అప్పటికి నాకు తెలియదు. ముప్ఫయి ఐదేళ్ళుంటాయి. ఐదో తరగతి దాకా చదివింది. మిషను చూసేదీ, కార్డులు రాసేదీ ఆవిడే. ఉత్తరం వెలుగువైపు తిప్పింది. ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. చేతులు చాచి దూరంగా పెట్టి చూసింది. ఆఖరికి మడిచేసింది.

"చదవమ్మా, నీకొచ్చు కదా," అన్నాను.

"ఆనటం లేదండీ," అంది.

రూతమ్మగారు స్టెతస్కోపు చుట్టి సంచీలో పెట్టబోతున్న వారల్లా ఆగిపోయారు. "ఎన్నాళ్ళ నుంచి తల్లీ?"

"బిళ్ళలు తగ్గించినకాడ్నించి. పొద్దున లేస్తే తలకాయ పగిలిపోద్ది. కళ్ళ ముందు పొగ."

"ఎవరి బిళ్ళలు?"

నాగేంద్రమ్మ ఆవిడ వంక వింతగా చూసింది. "నాయే. నాకే గదండీ బీపీ."

గని దగ్గర సమ్మెట దెబ్బలు వినిపిస్తున్నాయి. నేను సాంబయ్య వంక చూశాను. అతనింకా చొక్కా చెయ్యి దించుకోలేదు.

"మరి ఇతని చెయ్యెందుకు చూస్తున్నావే పిచ్చితల్లీ?" రూతమ్మగారు చుట్టిన స్టెతస్కోపు విప్పుతూ అడిగారు.

"కార్డులో ఆయన పేరుంది గదండీ. పేరున్నోళ్ళ చెయ్యే చూడాల, ఇంకోళ్ళది చూస్తే మిషను లాక్కపోతామన్నారు. బియ్యం కొట్టు కాడ కూడా అంతే, పేరున్నోళ్ళు ఏలిముద్ర ఎయ్యకపోతే బస్తా దించరు. నా చేతికి ఒక్కసారి కట్టి చూద్దామనుకున్నా. మిషను పోతే బిళ్ళలు కూడా పోతయ్యని భయపడ్డా." నా వైపు తిరిగింది. "నేర్పిన రోజున మీరే గదండీ, సాంబయ్యా చెయ్యి చాపు అన్నారు."

అన్నాను. బాగా గుర్తుంది. ఆ రోజున పై అంకె నూట ఇరవై చూపిస్తే, రెండొందలున్న మనిషికి బిళ్ళలు ఎంత త్వరగా పనిచేశాయో అని డాక్టరుగారికి గొప్పగా చెప్పాను కూడా.

శిబిరం రోజు కూడా గుర్తొచ్చింది. నా బల్ల ముందు నూరుమంది వరస. లోపలినుంచి కుర్ర డాక్టరు అంకె అరిచి చెప్పాడు. ఒక చెయ్యి రేషన్ కార్డు నా ముందు పెట్టింది. గాజుల చెయ్యి. నేను కార్డులో పేరు చూసి, "సాంబయ్య" అని రాసి, "తరవాతివాళ్ళు" అన్నాను. తలెత్తలేదు. ఆ ఒక్కసారి తలెత్తి ఉంటే ఈ మూడు నెలలూ ఆవిడకు సరైన మందు పడేది. నా అంత వెధవ పోస్టాఫీసు చరిత్రలో లేడు.

రూతమ్మగారు ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి పట్టీ కట్టారు. ముల్లు రెండు వందల ముప్ఫయి దగ్గర కొట్టుకోవటం మొదలుపెట్టింది. కింది అంకె నూట ముప్ఫయి.

"ఉప్పు?" అని అడిగారు.

"పథ్యం ఆయనకే గదండీ, కాగితంలో ఆయన పేరే ఉంది. నేను పచ్చడేసుకునే తింటన్నా. ఆయన మొహం చూస్తా తినలేక పొయ్యి కాడ కూర్చుని తినేదాన్ని."

నేను నెల్లాళ్ళ కార్డులు ఒకే అంకెతో ఎట్లా వచ్చాయని అడిగాను. అడక్కపోతే బాగుండేది. ముల్లు ఆనటం మానేసింది కనక పాత అంకే వేస్తూ వచ్చిందట. ఆయనకేమీ లేదు కదా, ఆ అంకె ఎట్లా ఉంటే ఏముందిలే అనుకుందట. డాక్టరుగారి ఉత్తరం ఆవిడ చేతిలోంచి తీసుకుని చించేశాను.

మళ్ళీ పేట

మాచర్ల దాకా రాళ్ళ లారీలో వెళ్ళాం. సాంబయ్య భార్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఏమే, చెప్పకూడదంటే నాకు? ఇన్నాళ్ళూ తలకాయ నొప్పని నాకు చెప్పకూడదంటే?" అని దారంతా అదే మాట. "చెప్పా గదా. నువ్వు చప్పిడి కూడు గోలలో ఉన్నావ్," అందావిడ. నా వైపు తిరిగి, "మిషను తీసకపోతారా అండీ?" అంది. లారీలో ఆవిడకున్న భయం అదొక్కటే. తీసుకుపోనమ్మా అన్నాను.

మాచర్లలో డాక్టరు ఇంజక్షనిచ్చి, కంటి డాక్టరున్న పేటకు పంపించాడు. పేట ఆస్పత్రిలో పోటు మెల్లమెల్లగా మూడు రోజులకు దిగింది. నేను తెనాలికి రెండు తంతులు కొట్టాను. డాక్టరు సుభద్రగారి జవాబులో ఏ మందు ఎంత ఇవ్వాలో ఉంది. అధ్యక్షుడి జవాబులో శాలువా కొన్నాం, సాంబయ్యను తప్పక తీసుకురండి అని ఉంది. సాంబయ్యకు అది చదివి వినిపించాను. "ఆరోగ్యంగా ఉన్నందుకా సార్?" అన్నాడు. అవునన్నాను. అతను ఆస్పత్రి వరండాలో కూర్చుని, మెస్సు నుంచి తెచ్చుకున్న అన్నంలో ఊరగాయ కలుపుకుని తినసాగాడు. తింటూనే ఏడ్చాడు.

మూడో రోజు సాయంత్రం కంటి డాక్టరు చెప్పాడు. కుడికన్ను చాలావరకు కుదుటపడుతుంది. ఎడమది రాదు. లోపల నెత్తురు చిమ్మి చాలా రోజులైంది, మందు తగ్గించకుండా ఉంటే నిలిచేదన్నాడు.

నేను బత్తాయిలు కొనుక్కుని ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాను. ముప్ఫయి రెండేళ్ళలో ఎన్నో క్షమాపణ పత్రాలకు ముసాయిదా రాసినవాణ్ణి. వాటిలో ఒక్కటీ అక్కడ పనికి రాలేదు. "తప్పు నాదమ్మా. నీ పేరు అడగకుండా రాశాను," అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అట్లాగే కూర్చున్నాను. నా బాధ నేను ఎంతసేపు పడి ఉండేవాణ్ణో తెలియదు.

నాగేంద్రమ్మ కుడికన్నుతో నన్ను చూసింది.

"అయ్యగారూ, మీరు ఇంకా చానామందికి ఇచ్చారు గదా మిషన్లు?"

"పదకొండు ఇళ్ళకు ఇచ్చాం."

"ఆళ్ళ కార్డులు కూడా మీరే రాశారా?"

"నేనే రాశాను."

"మరి ఆళ్ళ ఇళ్ళల్లో ఎవురి చెయ్యి చూస్తన్నారో అడిగారా?"

కోటయ్యనూ బ్రహ్మయ్యనూ చూశాను. ఇంకా ఎనిమిది ఇళ్ళున్నాయి. ఆ ఎనిమిది పేర్లూ నా పుస్తకంలో ఉన్నాయి, అన్నీ మగ పేర్లే. అంకెలన్నీ దిగుతున్నాయి. నెలనెలా బిళ్ళలు తగ్గిస్తున్నాం. చేతిలో ఉన్న బత్తాయి తొక్క తీస్తూ ఉండిపోయాను. "ఇక్కడ కూర్చుని బత్తాయిలు ఒలుస్తన్నారేంది, పొండి మరి," అంది నాగేంద్రమ్మ.

వినుకొండ

పేట నుంచి మొదటి బస్సు వినుకొండది. కొండ కింద బస్టాండు, బస్టాండు వెనక సందు, సందు చివర లారీ డ్రైవరు వెంకటేశ్వర్లు ఇల్లు. బస్టాండు నుంచి అక్కడిదాకా ఎండలో రూతమ్మగారు గొడుగు కూడా విప్పలేదు. నా పుస్తకంలో అతని పేరు కింద శిబిరం నాటి అంకె నూట తొంభై బై నూట పది. పోయిన శుక్రవారం కార్డు మీద నూట ఇరవై నాలుగు బై ఎనభై. బిళ్ళ సగం చేసి పదిహేను రోజులైంది.

వెంకటేశ్వర్లు ముప్ఫయ్యేళ్ళ వాడు, నవ్వుమొహం. ఆ రోజు బండి లేదట, ఇంట్లోనే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అట్ట వేసి, గీతలు కొట్టి, ఒక్క శుక్రవారం కూడా తప్పకుండా రాసుకున్నాడు. తరవాత స్టూలు లాక్కుని కూర్చుని, ఎడం చేతి చొక్కా మడిచి, అరచెయ్యి పైకి పెట్టి చాపాడు.

నేను పుస్తకం తెరవలేదు.

"ఈ ఇంట్లో బీపీ ఎవరికి బాబూ?"

ఇంత తెలియదా అన్నట్టు నవ్వాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, మొహంతో లోపలి గదివైపు చూపించాడు.

"మా అమ్మకండీ. లోన పడుకోనుంది. నిన్నట్నించీ మూతి ఓ పక్కకి లాగతంది అంటంది."